మరమేకు పురాణం

బాస్ గిటారు అనే వాద్యాన్ని చూడనివారు వుండవచ్చు గాని, విననివారు మన యిళ్లలో ఎవరూ వుండరు. సినిమా పాటలో గాయకుని గొంతుకు ఎంతో దిగువన, ఇంటికి పునాదిలాగ, దుమ్ముదుమ్మంటూ నడిచే నాదం ఒకటి వుంటుందే, అది చాలా పాటల్లో దానిదే. నాలుగే తీగెలు, లావుపాటివి. అన్నిటికన్న లావు తీగె సెకనుకు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. ఇంత గంభీరమైన వాద్యం పరువు ఎవరి చేతిలో వుంటుందయ్యా అంటే, వడ్లగింజంత మరమేకుల చేతిలో.

మరమేకు అన్నాను. నిఘంటువులో మాట అదే. మర వున్న మేకు. తెలుగు మేష్టర్ని గనుక ఆ మాట మీద మమకారం. ఇనపసామాన్ల కొట్టుకు వెళ్లి మాత్రం ఈ మాట అనకండి. "స్క్రూ అని చెప్పొచ్చు కదండీ" అంటాడు.

వీణమీద తీగెలు దేన్ని ఆనుకుని సాగుతాయో దాన్ని మనవాళ్లు గుర్రం అన్నారు. ఇంగ్లీషువాడు బ్రిడ్జి, అంటే వంతెన అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వంతెన మీద తీగె ఆనే లోహపు ముక్కకు శాడిల్ అని, అంటే జీను అని పేరుపెట్టాడు. వంతెనకు జీనేమిటో! గుర్రం మన దగ్గరా జీను వాడి దగ్గరా వుండిపోయాయి.

ఒక్కొక్క జీనులో రెండేసి చిన్న మరమేకులు నిలువుగా దిగి వుంటాయి. వాటికి తలకాయ వుండదు. అవే జీనుకు కాళ్లు. వాటిని తిప్పితే జీను లేస్తుంది, దిగుతుంది. దానితోపాటు తీగె కూడా. తీగె మరీ ఎత్తయితే వాయించేవాని వేళ్లు బొబ్బలెక్కుతాయి. మరీ కిందికి దిగితే మెట్లకు తగిలి కరకరమంటుంది. ఇదిగాక వెనకనుంచి స్ప్రింగు తొడిగిన పొడుగు మరమేకు ఒకటి జీనును ముందుకూ వెనక్కూ జరుపుతుంది. పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటితే పై స్థాయి స్వరం సరిగ్గా పలకాలి. పలకకపోతే తిప్పవలసింది దీన్ని.

ఈ ఏర్పాటు చేసినాయన లియో ఫెండర్. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ పట్టణంలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. 1951లో ఆయన ప్రెసిషన్ బాస్ అనే వాద్యాన్ని బజారులోకి తెచ్చాడు. అంతకుముందు ఆ మంద్రనాదం కావాలంటే నిలువెత్తు డబుల్ బాస్ మోసుకు తిరగవలసిందే. ఆయనకు మాత్రం గిటారు వాయించటం రాదు! అందువల్లనే కాబోలు, సంగీత విద్వాంసుడిలాగ కాక రేడియో మెకానిక్కులాగ ఆలోచించి, ఏ భాగానికి ఆ భాగం విప్పి మార్చుకునేటట్టు చేశాడు. మొదట్లో రెండు తీగెలకు కలిపి ఒక జీను వుండేది. 1957లో తీగెకొకటి చొప్పున నాలుగు జీనులు వచ్చాయి. నాలుగు జీనులకు ఎనిమిది నిలువు మరమేకులు. 1965 జనవరిలో ఆయన తన కంపెనీని సి.బి.ఎస్. వారికి 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేశాడు. ఆ రోజుల వాద్యాలంటే ఇప్పుడు సేకరించేవారికి వెర్రి.

అంత వెర్రి పుట్టించే వస్తువుకు మొదట జబ్బుచేసేది ఈ మరమేకులకే. వాయించేవాని అరచెమట సరాసరి వాటిమీద పడుతుంది. పైగా పాత బాసులకు బ్రిడ్జి మీద మెరిసే రేకు మూత, దాని లోపల తీగెల మోతను అణచటానికి స్పాంజి వుండేవి. స్పాంజి తేమను పట్టి వుంచుతుంది. అరవై ఏళ్ల తేమ! తుప్పు పట్టక ఏమవుతుంది?

మా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడికి న్యూజెర్సీలో వుంటున్న మేనమామ 1966 నాటి ప్రెసిషన్ బాస్ ఇచ్చాడు. ఎనిమిదింటిలో ఒక మరమేకు లేదు, మూడు తుప్పుతో కదలవు. కుర్రవాడు సికిందరాబాదు రాణీగంజిలో బోల్టులూ నట్లూ అమ్మే కొట్లన్నీ గాలించాడు. "మాష్టారూ, అచ్చం అలాగే వుంటాయి, ఒక్కటీ దిగదు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతాయి" అన్నాడు.

అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే. మరమేకుకు లావు, పొడుగు అని రెండే లక్షణాలు మన కంటికి కనిపిస్తాయి. మూడోది వుంది, ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య ఎడం. ఫెండర్ పాత బాసుల నిలువు మరమేకులు సాధారణంగా 6-32 అనే రకానివి. ఇందులో 6 అనేది లావుకు గుర్తు, 0.138 అంగుళం, అంటే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు. 32 అనేది అంగుళానికి ఎన్ని చుట్లో చెప్పే లెక్క. మన కొట్లో మూడున్నర మిల్లీమీటర్ల మరమేకు అడిగితే ఇచ్చేదానికి అంగుళానికి సుమారు 42 చుట్లు. లావు ఒకటే, చుట్లు వేరు. ఒకే వెడల్పు వున్న రెండు మేడమెట్ల వరసల్లో ఒకదాని మెట్లు జానెడు ఎత్తూ, రెండోదానివి బెత్తెడు ఎత్తూ అయితే, కళ్లు మూసుకుని దానికి అలవాటుపడ్డ కాలు దీనిమీద తడబడదూ? అదీ సంగతి. మూడు మిల్లీమీటర్ల మరమేకుదీ ఇదే కథ. దానికి అంగుళానికి 51 చుట్ల దాకా వుంటాయి.

ఈ తేడాలు ఒక్కనాటివి కావు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక పద్ధతి పెట్టాడు. మర పల్లు కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలతో తన పద్ధతి పెట్టాడు. ఈ అయిదు డిగ్రీల పట్టుదల రెండో ప్రపంచయుద్ధంలో తెలిసివచ్చింది. ఒకే పక్షాన పోరాడుతున్న రెండు దేశాల యంత్రాలకు ఒకరి బోల్టు ఇంకొకరికి పనికిరాలేదు. చివరకు 1948 నవంబరు 18న అమెరికా, బ్రిటన్, కెనడా వాషింగ్టన్‌లో కూచుని ఉమ్మడి మరకు సంతకాలు పెట్టాయి. యూరపులో మిల్లీమీటరు లెక్క. మనమూ 1958 అక్టోబరు నుంచి అంగుళాలు వదిలి మెట్రిక్ కొలతలకు వచ్చాము. అమెరికావాడు మాత్రం అంగుళం వదలలేదు. కనుక రాణీగంజిలో మిల్లీమీటరు, ఫుల్లర్టన్‌లో అంగుళం. అన్నట్టు, జపానులో తయారైన పాత బాసులు సాధారణంగా మిల్లీమీటరు మరలవే. చూడటానికి ఫెండర్ బాసులాగే వున్నంతమాత్రాన అమెరికా మరమేకు తెప్పిస్తే డబ్బు దండగ.

మరి ఏది ఏదో తెలిసేదెట్లా? దీనికి కొలతల పెట్టె అక్కర్లేదు. ఇంట్లో మూలపడిన పాత డెస్కుటాప్ కంప్యూటరు వుంటే చాలు. దాని పెట్టె పక్క రేకును పట్టి వుంచే మరమేకులు సాధారణంగా ఈ 6-32 రకానివే. లోపలి పెద్ద హార్డుడిస్కును బిగించేవీ అవే. సి.డి. డ్రైవును బిగించేవి మాత్రం మూడు మిల్లీమీటర్లవి. ఆ కుర్రవాడికి ఈ మాట చెబితే ముందు నవ్వాడు. ఇంటికి వెళ్లి, జీను ఊడదీసి, ఖాళీ బెజ్జంలో కంప్యూటరు మరమేకు మునివేళ్లతో తిప్పి చూశాడు. వెన్నలో దిగినట్టు దిగింది. ఊరంతా వెతికిన మర వాడి బల్లకిందే వుంది! అయితే ఇది పరీక్షకే గాని వాడకానికి కాదు. దానికి తలకాయ వుంది. జీనులో దిగవలసినదానికి వుండకూడదు. పరీక్షలోకూడా మునివేళ్ల బలం దాటకూడదు. వేళ్లకు దిగనిది ఆ బెజ్జానికి చెందినది కాదు.

ఇక్కడ ఒక దుఃఖవార్త చెప్పాలి. మా దగ్గరకు రాకముందే కుర్రవాడు ఒక జీనును ఒక పనివాడి చేతికిచ్చాడు. ఆయన మంచి పనివాడే. మరమేకు దిగకపోయేసరికి, "నాలుగు మిల్లీమీటర్ల మర కొట్టేస్తే పోలా?" అని డ్రిల్లు పెట్టి రెండు బెజ్జాలూ పెద్దవి చేసి, కొత్త మర కోశాడు. మరమేకులు దిగాయి, వాద్యం పలికింది. కాని 1966లో ఫుల్లర్టన్‌లో కోసిన మర ఇక లేదు. పోయిన మరమేకును ఎన్నిసార్లయినా కొనవచ్చు. పోయిన మర వున్న జీను అదే సంవత్సరానిది దొరకాలంటే, ఇంకొక పాత బాసు ఎక్కడో విప్పబడాలి. పది రూపాయల వస్తువుకోసం పదివేల వస్తువును కోయటం మన దేశంలో మరమ్మతుకు వున్న పెద్ద జబ్బు. దీనికి పనివాడి నంత తప్పుపట్టను. "ఎలాగైనా సాయంత్రానికి కావాలి" అని మనం నిలబడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

తుప్పుపట్టినవాటిని తీయటానికి ఓపిక ఒక్కటే ఆయుధం. ముందు తీగెలు వదులు చేసి, జీనును బయటికి తీయాలి. కొయ్యమీద నూనె పడకూడదు. తుప్పు వదలగొట్టే పలచని నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా వదిలేయాలి. మర్నాటికీ కదలకపోతే సాల్డరింగు కర్ర మొనను మరమేకు తలమీద కొంచెంసేపు ఆనించి, చల్లారాక మళ్లీ చూడాలి. కుర్రవాడి మూడింటిలో రెండు ఇలాగే వచ్చాయి. మూడోదానికి నాలుగు రోజులు పట్టింది.

తిప్పే పనిముట్టు విషయంలో కూడా మిల్లీమీటరు మోసం వుంది. పాత మరమేకుల్లో కొన్నింటికి గాటు వుంటుంది, కొన్నింటికి ఆరుమూలల గుంట. గాటు వుంటే, దాన్ని నిండుగా నింపే స్క్రూడ్రైవరే వాడాలి. 6-32కు గుంట వుంటే దాని తాళం అంగుళంలో పదహారోవంతు, అంటే 1.59 మిల్లీమీటర్లు. మనకు దొరికేది 1.5. అది దూరుతుంది, తిరుగుతున్నట్టే వుంటుంది, తిరిగి తిరిగి గుంట మూలలు అరగదీస్తుంది. మూలలు అరిగితే ఇక దానికి మందు లేదు.

కొనేటప్పుడు "యు.ఎన్.సి. 6-32 గ్రబ్ స్క్రూ" అని అడగాలి. అంగుళాల సరుకు వుంచే కొట్లోనైనా, గిటారు భాగాలు అమ్మే విదేశపు దుకాణాల్లోనైనా ఆ పేరు చెల్లుతుంది. తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కువి అయితే మన కోస్తా ఉప్పుగాలికి మేలు. ఎనిమిదీ ఒకే పొడుగువి తెచ్చుకోకండి. పాత ఫెండర్ బాసు మెడ పైభాగం చదునుగా కాక నడుమ ఉబ్బుగా వుంటుంది. అందుచేత నడిమి తీగెలు కాస్త ఎత్తున, అంచు తీగెలు కాస్త దిగువన నిలవాలి. నడిమి జీనులకు కాస్త పొడుగువి, అంచులకు పొట్టివి కావాలి. పొడుగువి అంచుల్లో పెడితే పైకి పొడుచుకువచ్చి అరచేతిని గీరుతాయి.

కుర్రవాడు ఎనిమిదీ అమెరికానుంచే తెప్పించుకున్నాడు. సరుకు ఖరీదుకన్న తపాలా ఖర్చు ఎక్కువైంది. డ్రిల్లు తిన్న జీనుకు బదులు ఇప్పటికి కొత్తది పెట్టుకున్నాడు. ఊడదీసిన పాత మరమేకుల్నీ ఆ జీనునూ పారేయబోతే వద్దన్నాను. తుప్పుపట్టినా సరే, చిన్న పొట్లం కట్టి, ఏది ఏ తీగెదో చీటీమీద రాసి, వాద్యం పెట్టెలోనే వుంచాలి. రేపు ఎవరైనా ఆ వాద్యం కొనటానికి వస్తే, తీగె మీటకముందే అడిగేది ఆ పొట్లం సంగతే.