గుట్ట మీద మన పీట ఎక్కడ?

పోయిన ఎండకాలం మా పాతబస్తీ నుంచి ఒక మాదిగ కుటుంబం యాదగిరిగుట్టకు పోయొచ్చింది. ముసలవ్వ, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు. పెద్ద మనవరాలు పదో తరగతి పాసైతే తలనీలాలు ఇస్తానని అవ్వ మొక్కుకుంది. పాఠం చెప్పింది మేము, రాత్రిళ్ళు కూచుని చదివింది పిల్ల, మొక్కు మాత్రం నరసింహస్వామికి! 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఖర్చేమంత కాదనుకున్నారు. తిరిగొచ్చినంక పిల్ల లెక్క రాసి చూపించింది. గది, కొబ్బరికాయలు, తిండి, ఆటోలు, ప్రసాదం. ఇంటర్ పుస్తకాల కోసం డబ్బాల దాచిన పైసలు అందులోనే అయిపోయినయి.

మేము అవ్వను కోప్పడలేదు. జనం గుడికి పోతే చాలు, మన సంఘాల్లో కొందరు తమ్ముళ్ళు వెక్కిరిస్తారు. అది తప్పు. ఏడాది పొడుగునా నలుగురి ఇండ్లల్ల అంట్లు తోమే మనిషికి గుట్టకు పోవడమంటే దేవుడొక్కడే కాదు. ఒక పూట పొయ్యి ముట్టించకపోవడం, కొండగాలి, మనవలతోటి ఒక ఫోటో. ఆ సంతోషాన్ని గుంజుకునే హక్కు మనకెవరిచ్చిండ్రు? అడగాల్సింది అవ్వను కాదు. లోపల మనకు చోటెక్కడని గుడిని, సర్కారును అడగాలి.

తలుపు ఊరికే తెరుచుకోలేదు. 1917లో బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. అధ్యక్షుడు మన హైదరాబాదు మనిషి, భాగ్యరెడ్డివర్మ. మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులమని మనవాళ్ళు ప్రకటించుకున్నది అక్కడే. సభ జరిగిన రోజుల్లో, వీళ్ళెక్కడ కొండెక్కుతారోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు అంబేడ్కర్ సత్యాగ్రహం మొదలుపెడితే ఐదేండ్లు నడిచినా ఆ తలుపు తీయలేదు. చివరికి 1935లో ఆయనే, ఇక ఆ తలుపు దగ్గర మన శక్తి ఖర్చు చేయొద్దన్నాడు. ఆ తర్వాత చట్టాలు వచ్చినయి, రాజ్యాంగం 17వ అధికరణం వచ్చింది. ఇప్పుడు అవ్వ క్యూలో నిలబడితే ఎవరూ కులం అడగలేదు. నిజమే. అది చిన్న సంగతి కాదు.

కానీ లోపలికి మనల్ని ఎట్లా తీసుకపోతున్నారో మా పాతబస్తీలోనే చూసినం. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుడి అర్చకులు రంగరాజన్ గారు జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని, మేళతాళాలతో తీసుకపోయారు. మునివాహన సేవ అన్నారు. ఆయన మనసు మంచిదే కావచ్చు, మేము శంకించడం లేదు. కానీ దాని వెనకున్న కథ తెలుసుకోవాలి. శ్రీరంగంలో తిరుప్పాణి అనే పాణకులస్తుడు గుడి దగ్గరికి రాకుండా కావేరి ఒడ్డునే నిలబడి పాడేవాడు. అడ్డమున్నాడని లోకసారంగముని రాయి విసిరితే నెత్తురు కారింది. అప్పుడు దేవుడు, అతన్ని భుజాల మీద మోసుకురమ్మని మునికి చెప్పాడట. మోసుకుపోయినంక ఏమైంది? దేవుడిలో కలిసిపోయాడు. అంటే, తిరిగి బయటికి రాలేదు! వచ్చి కాళ్ళతో నడిచి, రేపు మళ్ళీ వస్తానని చెప్పే దళితుడు ఆ కథలో లేడు.

ఈ ముచ్చట చెబితే అవ్వ ఒకటే మాట అడిగింది: "ఎందుకు మొయ్యాలె సారూ, ఆ పిలగానికి కాళ్ళు లేవా?"

ఇంకో ఫోటో చూద్దాం. ఇది గుట్టదే. వెయ్యి కోట్లకు పైగా ఖర్చుపెట్టి కట్టి 2022 మార్చిలో తెరిచిన గుడి. సబ్బు కొన్నా మనం కట్టే పన్ను అందులో ఉంది. 2024 మార్చి 11న అక్కడ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దంపతులు, మంత్రులు ఆశీర్వచనానికి కూచున్నారు. ముఖ్యమంత్రి ఎత్తు పీట మీద. ఉపముఖ్యమంత్రి భట్టి విక్రమార్క, మంత్రి కొండా సురేఖ పొట్టి పీటల మీద. ఒకరు దళితుడు, ఒకరు వెనకబడిన కులాల ఆడబిడ్డ. గొడవైనంక, నా ఇష్టంతోనే అక్కడ కూచున్నా, నన్నెవరూ అవమానించలేదని భట్టి గారు చెప్పారు. ఆయన మాట ఆయనది, కాదనం. మరి ఆ వెంటనే ఆలయ ఈవోను ఎందుకు బదిలీ చేసినట్టు? అందరి పీటలు ఒక్క ఎత్తున ఉంటే ఈ వివరణలు ఎవరు ఇచ్చుకోవాలి? ఉపముఖ్యమంత్రి పీటకే ఇంత కథ ఉంటే, మూటలు పట్టుకుని మెట్ల మీద పడుకునే అవ్వ సంగతేంది?

పీట కన్నా అసలు చోటు గర్భగుడి. 1987 చట్టం వంశపారంపర్య అర్చకత్వాన్ని రద్దు చేసింది, 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును నిలబెట్టింది. 2007లో చట్టం సవరించి అర్చక కుటుంబాలకు మళ్ళీ దారి తీశారు. పూజావిధానం నేర్చినవాడు బ్రాహ్మణుడే కానక్కర్లేదని 2002లో కేరళ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. 2017లో కేరళ, 2021లో తమిళనాడు దళితులను అర్చకులుగా నియమించినయి. అక్కడ ఆకాశం విరిగి పడలేదు.

మేము పూజారి ఉద్యోగం కోసం ఏడవడం లేదు. మా పిల్లలు డాక్టర్లు కావాలి, ఇంజనీర్లు కావాలి. కానీ గుట్టకు పోయిన పిల్ల మమ్మల్ని అడిగింది: "సార్, లోపల మంత్రాలు చదివేటోళ్ళల్ల మనోళ్ళు ఒక్కరన్నా ఉన్నరా?" పాఠం చెప్పేవాళ్ళం, జవాబు చెప్పలేకపోయినం. ఇంటర్ పుస్తకాల పైసలు బస్తీవాళ్ళందరం తలా కొంత వేసినం. పుస్తకాలు వచ్చినయి.

మీ ఊళ్ళో గుడికి మనవాళ్ళు పోతున్నారా? ఎంతదాకా పోతున్నారు? గడపదాకానా, లోపలికా? జాతరలో రథం తాడు ముట్టనిస్తున్నారా? డప్పు కొట్టినందుకు కూలి ఇస్తున్నారా, ఎంత? రాసి పంపండి. రాయను రానివాళ్ళు బడిపిల్లలతో రాయించండి. వచ్చే సంచికలో అచ్చేస్తాం.