దారికి కావలి

గుంటూరు-తెనాలి బాటమీది వడ్లమూడికి ఒక జాబు వచ్చుచున్నదనుకొందము. నడుమ నొక కపటి “వడ్లమూడికి దారి మా యింటి మీదుగనే” యని పలక కట్టినచో తపాలావాడు నమ్మి సంచి నప్పగించునా? అప్పగింపడు. కాని ఇంటర్నెట్టున నిట్టి వింత నేటికిని జరుగుచున్నది.

అందు వేలకొలది నెట్‌వర్కులు “ఈ చిరునామాలకు దారి మాది” యని యొండొరులకు చాటుకొనుచుండును. ఈ చాటింపు పద్ధతికి బీజీపీ యని పేరు. చాటినవాడు నిజము పలికెనా యని విచారించు ఏర్పాటు దీనియందు మొదట లేదు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం తన దేశమున యూట్యూబును నిలుపబోయి ప్రపంచమున పెక్కుచోట్ల సుమారు రెండు గంటలు దానిని మూయించెను. పొరుగువానిని జూచి నవ్వుటకు మనకు హక్కు లేదు. 2015 నవంబరు 6న భారతీ ఎయిర్‌టెల్ పరుల చిరునామా ఖండములను సుమారు 16 వేలు తనవిగా చాటెను. 2021 ఏప్రిల్ 16న వొడాఫోన్ ఐడియా 30 వేలకు పైగా చాటెను. ఇవి పొరపాట్లే యనుకొందము. పొరపాటున తెరచుకొను తలుపు దొంగకు తెరచుకొనదా?

అసలు ముప్పిదియే. వెబ్‌సైటు నిజమైనదని మనము నమ్ము తాళపు గుర్తు వెనుక నొక ధ్రువపత్రము కలదు. దాని నిచ్చు సంస్థ అర్జీదారుని డొమైనులో నొక గుర్తు నుంచుమనును; లేదా యజమానికి ఈ-మెయిలు పంపి జవాబు కోరును. ఆ దారి దొంగ చేతబడినచో జవాబు నిచ్చువాడును వాడే, పత్రము పొందువాడును వాడే. 2018లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు తమ సొంత డొమైనుపై నిట్టి దాడి జరిపి, ఐదు ప్రముఖ సంస్థలనుండి పత్రములు పొంది చూపిరి. 2022 ఫిబ్రవరిలో కొరియా దేశపు క్లేస్వాప్ వాడుకరుల సొత్తు సుమారు 19 లక్షల డాలర్లు ఈ మార్గముననే అపహృతమయ్యెను.

మందు లేకపోలేదు. ఒక్క సాక్షిని నమ్మక, ప్రపంచమున పలుచోట్లనుండి పరీక్షించుట మొదటిది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2020లో దీని నారంభించెను. 2025 మార్చి 15 నుండి వెబ్‌సైటు పత్రముల నిచ్చు సంస్థలకిది విధి యయ్యెను. ఏ చిరునామాను ఎవరు చాటవచ్చునో తెలుపు ముద్రపత్రము రెండవది. దానిని ఆర్‌పీకేఐ యందురు. ముద్రకు విరుద్ధమైన చాటింపును త్రోసివేయుటయే దాని పని. నేర్పరియైన వంచకుని నిది పూర్తిగా నాపజాలదు. కాని పొరపాట్లలో పెక్కింటిని వాకిటనే నిలుపును.

వడ్లమూడి విశ్వవిద్యాలయమున చదువు విద్యార్థి పరీక్షాఫలితమును, పాలు పోసిన రైతు బ్యాంకులెక్కయు నేడీ దారినే నడచుచున్నవి. కావున పాఠకులు తమ బ్యాంకును, తమ ఇంటర్నెట్టు కంపెనీని ప్రశ్నింపవలెను: మీ చిరునామాలకు ముద్ర వేయించితిరా? దొంగ చాటింపులను త్రోసివేయుచున్నారా? దేశమంతట తీగెలు పరచితిమని గర్వించుట చాలదు. కావలి లేని బాట మనదైనను పరులదే.