తుంటి నొప్పిని నడుము నొప్పి అనుకోవద్దు

గద్వాలలో గుంట మగ్గం మీద చీర నేసే చేనేత కార్మికుడు, విత్తన పత్తి చేలో ఉదయం నుంచి వంగి పూలు దులిపే స్త్రీ, వనపర్తి ప్రాంతంలో వేరుశనగ పీకే కూలీ, నాగర్‌కర్నూలు పల్లెల నుంచి మట్టి పనులకు వలస వెళ్లే యువకుడు — వీరందరి జీవనోపాధి కాళ్ల మీదా, తుంటి కీళ్ల మీదా ఆధారపడి ఉన్నది. ఆ కీలు నెలల తరబడి నొప్పి పెడుతున్నప్పుడు మనలో చాలామంది దానిని ‘నడుము నొప్పి’ అనో, ‘వాతం’ అనో పిలిచి, ఒక సూది వేయించుకొని మళ్లీ పనిలోకి దిగుతాము. ఈ అలవాటు వల్ల కలిగే నష్టాన్నీ, దానికి మార్గాన్నీ ఈ నెల వివరించదలచాము.

నొప్పి ఎక్కడ ఉన్నది?

మొదట తెలుసుకోవలసినది నొప్పి స్థానం. తుంటి కీలు శరీరంలో చాలా లోతుగా ఉంటుంది. ఆ కీలులోనే లోపం ఉంటే నొప్పి సాధారణంగా ముందువైపు గజ్జలో తెలుస్తుంది. కొందరికి అది తొడ మీదుగా దిగి మోకాలిలో మాత్రమే కనిపిస్తుంది. చతికిలబడి కూర్చున్నప్పుడు, చెప్పులు తొడుక్కోవడానికి కాలు మడిచినప్పుడు ఈ నొప్పి హెచ్చుతుంది.

తుంటికి బయటి ప్రక్కన, చేతికి తగిలే ఎముక గడ్డ మీద నొప్పి ఉండి, రాత్రి ఆ ప్రక్కకు తిరిగి పడుకోలేకపోతే, అది చాలావరకు పిరుదు కండరాల నరాలు (స్నాయుబంధాలు) అరిగి బలహీనపడటం వల్ల వచ్చినది. నలభై ఏళ్లు దాటిన స్త్రీలలో ఇది ఎక్కువ. పిరుదులో మొదలై కాలి వెనుక భాగం గుండా పాదం వరకు ప్రాకే నొప్పి, తిమ్మిరి సాధారణంగా వెన్నెముక నుంచి వచ్చేవి.

నిర్లక్ష్యం చేయకూడని జబ్బులు

మన ప్రాంతంలో కష్టజీవులు ముఖ్యంగా భయపడవలసినది తొడ ఎముక తలకు రక్తప్రసరణ ఆగిపోయే జబ్బు. ముప్ఫై, నలభై ఏళ్ల వయసులోనే ఇది రావచ్చు. ఎముక తల కొద్దికొద్దిగా చచ్చి, చివరకు కుంగిపోతుంది. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ మందులు వాడటం, మద్యపానం, పాత దెబ్బలు దీనికి ప్రధాన కారణాలు. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. ఎం.ఆర్.ఐ. పరీక్షలోనే అది బయటపడుతుంది. కనుక ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అన్న మాటతో తృప్తి పడకూడదు. తొలిదశలో గుర్తిస్తే కీలును కాపాడే ప్రయత్నానికి అవకాశం ఉంటుంది. ఎముక కుంగిన తరువాత కీలు మార్పిడి తప్ప వేరే మార్గం తక్కువ.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయక తప్పదు. పేరు లేని పొట్లాలలోని చూర్ణాలు, ‘ఒక్క డోసుతో నొప్పి మాయం’ అని ఇచ్చే సూదులు, మాత్రలలో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉన్నది. అవి నొప్పిని దాచి, లోపల ఎముకకు హాని చేయగలవు. ఏ మందు ఇస్తున్నారో అడిగి, చీటీ మీద వ్రాయించుకోవడం మన హక్కు.

క్షయ కూడా తుంటి కీలుకు సోకుతుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే ఆలస్యం చేయరాదు. యువకులలో తెల్లవారుజామున బిగుసుకుపోయి, నడిచిన కొద్దీ తగ్గే నొప్పి ఉంటే వెన్ను, తుంటి కీళ్లలో వాపు తెచ్చే జబ్బు కావచ్చు. కింద పడిన తరువాత కాలు మోపలేకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పని మానకుండా ఉపశమనం

బయటి ప్రక్క నొప్పికి పూర్తి విశ్రాంతి మందు కాదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో 204 మంది రోగులను పరీక్షించగా, సరైన సలహా, వ్యాయామం పొందినవారు ఎనిమిది వారాలకు స్టెరాయిడ్ సూది పొందినవారి కన్నా మెరుగైనారు.

వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పిరుదులను నెమ్మదిగా పైకెత్తి అయిదు క్షణాలు నిలిపి దించాలి. రోజుకు పదేసి సార్లు రెండు విడతలు చాలును. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫరవాలేదు. మరునాటి ఉదయానికి అది పెరిగి ఉంటే మోతాదు తగ్గించాలి. ఫలితానికి రెండు, మూడు నెలల ఓపిక కావాలి. కాలు మీద కాలు వేసి కూర్చోవడం, ఒక్క కాలి మీద ఒరిగి నిలబడటం మానాలి. ప్రక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు ఉంచాలి. మగ్గం పనివారు, కలుపు తీసేవారు మధ్యమధ్యలో లేచి నాలుగు అడుగులు వేయాలి. చేతికర్ర వాడవలసి వస్తే నొప్పి లేని ప్రక్క చేతిలో పట్టుకోవాలి. నడకలో ఒక కాలి మీద నిలిచిన క్షణంలో తుంటి మీద పడే భారం శరీర బరువుకు రెండున్నర రెట్లకు పైగా ఉంటుంది. అందుకే కర్ర, బరువు తగ్గడం రెండూ మేలు చేస్తాయి.

నమాజు, హజ్ విషయంలో

నొప్పి వల్ల సజ్దా, ఖఅదా కష్టమై కొందరు సిగ్గుతో మస్జిదుకే రావడం మానుకొంటారు. మరికొందరు పంటి బిగువున భరిస్తారు. రెండూ అవసరం లేదు. అనారోగ్యంతో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి దైవప్రవక్త (స) నిలబడి, వీలుకాకుంటే కూర్చుని, అదీ వీలుకాకుంటే ప్రక్కకు పడుకొని నమాజు చేయమన్నారు. నిలబడగలిగినంత నిలబడి, చేయలేని భాగానికే కుర్చీ ఆశ్రయించవచ్చు. వివరాలు ఉలమాలను అడిగి తెలుసుకోవాలి. హజ్‌కు సంకల్పించినవారు సయీ ఏడు విడతలకే మూడు కిలోమీటర్లకు పైగా నడవాలి గనుక, నెలల ముందే కాళ్లను సిద్ధం చేసుకోవాలి. అనారోగ్యంతో ఉన్న ఉమ్మె సలమా (రజి) గారికి వాహనంపై తవాఫ్ చేసే అనుమతి లభించింది. కనుక చక్రాల కుర్చీలో కూర్చోవడం చిన్నతనం కాదు.

ఎక్కడికి వెళ్లాలి?

మూడు, నాలుగు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టరును కలవాలి. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. ముందు అక్కడి ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. ఎం.ఆర్.ఐ. కోసం మహబూబ్‌నగరో, కర్నూలో, హైదరాబాదో వెళ్లవలసి వస్తే ప్రయాణానికి జంకరాదు. శస్త్రచికిత్స అవసరమన్నప్పుడు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

ఇంటి పెద్ద కుంటుతూ పనికి వెళ్తుంటే, అమ్మ రాత్రంతా ప్రక్క మార్చుకుంటూ మూలుగుతుంటే, ‘వయసు వచ్చింది’ అని సరిపెట్టుకోవద్దు. వారిని వెంటబెట్టుకొని డాక్టరు వద్దకు తీసుకువెళ్లండి. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవడం మన బాధ్యత, స్వస్థత ప్రసాదించేవాడు ఆయనే.