క్లచ్‌కి వెర్షన్ 2.0 అక్కర్లేదు బాబూ!

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక జబ్బుంది. ఏది మొరాయించినా "అప్‌గ్రేడ్ చేసేద్దాం" అంటాం. క్వెరీ నెమ్మదిగా నడుస్తుంటే ఇండెక్స్ ఉందో లేదో చూడం, సర్వర్‌కి ర్యామ్ పెంచమంటాం. ఆఫీసులో డబ్బు కంపెనీది కాబట్టి చెల్లిపోతుంది. ఇప్పుడా జబ్బుని కార్లకి కూడా అంటించాం. అదీ మనం రోజూ నడిపే కార్లకి కాదు, ఊళ్ళో అమ్మానాన్నలు నడుపుకునే కార్లకి! పండక్కి నరసరావుపేటో మాచర్లో వెళ్ళడం, పెడల్ రెండుసార్లు తొక్కి చూడటం, "క్లచ్ బాలేదు నాన్నా, పెద్ద మాస్టర్ సిలిండరూ స్టీలు అల్లిక పైపూ పంపిస్తా, వేయించు" అని చెప్పి రాత్రి బస్సెక్కేయడం.

ఒక్క ముక్కలో చెప్తా. మామూలుగా తిరిగే కారుకి హైడ్రాలిక్ క్లచ్ అప్‌గ్రేడ్ శుద్ధ దండగ. కావాల్సింది ఎవరూ పట్టించుకోని మెయింటెనెన్సు. అది మానేస్తే దెబ్బతినేది క్లచ్ ఒక్కటే కాదు, బ్రేకులు కూడా.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో ఇంజనీరింగ్ చదివిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు, కానీ పాస్కల్‌ని పరీక్ష అయిపోయిన మర్నాడే మర్చిపోయాం కదా :) మారుతి 800 రోజుల్లో పెడల్‌కీ క్లచ్‌కీ మధ్య ఒక వైరు ఉండేది. హైడ్రాలిక్ క్లచ్‌లో వైరు బదులు ద్రవం. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని నెడుతుంది, అది పైపులోంచి వెళ్ళి గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ని నెడుతుంది, అది క్లచ్‌ని విడదీస్తుంది. అంతే. మాస్టర్ చిన్నదిగా, స్లేవ్ పెద్దదిగా ఉంటే కాలికి తేలిక.

ఇప్పుడు "పెద్ద మాస్టర్" లెక్క చూద్దాం. ఉదాహరణకి మాస్టర్ వ్యాసం 15.87 మి.మీ., స్లేవ్ 19.05 మి.మీ. అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి 1.44. అంటే మీ కాలి బలం 1.44 రెట్లయి స్లేవ్‌కి చేరుతుంది. మీరు మాస్టర్‌ని కూడా 19.05 చేశారనుకోండి, ఆ లాభం కాస్తా పోయింది. పెడల్ కదలాల్సిన దూరం దాదాపు 30 శాతం తగ్గుతుంది నిజమే, కానీ బరువు 44 శాతం పెరుగుతుంది. అంటే 10 కిలోల బలంతో దిగే పెడల్‌కి 14 కిలోలకి పైగా పెట్టాలి. రేసు ట్రాకు మీద పాతికేళ్ళ కుర్రాడికి అది ముచ్చటే. గడియారం స్తంభం సెంటర్లో ఆటోల మధ్య అడుగులో అడుగేసే అరవై ఏళ్ళ మోకాలికి శిక్ష.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. మా పెదనాన్న కారుకి ఇదే జరిగింది. మొదటి గేరు పడనని మొండికేస్తోందని ఆయన ఫోన్లో అంటే, బెంగుళూరులో ఉన్న మా అన్నయ్య కారుని చూడకుండానే పెద్ద మాస్టరూ స్టీలు పైపూ ఆర్డరు పెట్టేశాడు. షెడ్డులో అవి బిగించేశారు. వారానికి పెదనాన్న ఫోను: "ఏందిరా ఇది, ఇంతకుముందు కాలు పెడితే దిగేది, ఇప్పుడు ఎడ్లబండి తోసినట్టుంది!" నెల తిరిగేసరికి గేరు మళ్ళీ మొండికేసింది. అసలు రోగం స్లేవ్ సిలిండర్లో తెగిన రబ్బరు సీలు. అది అలాగే ఉంది. చివరికి ఇంకో మెకానిక్ పాత సైజు మాస్టర్ మళ్ళీ వేసి, స్లేవ్‌కి రబ్బర్ కిట్టు మార్చి, కొత్త ఆయిలు పోసి గాలి తీస్తే సుబ్బరంగా నడిచింది. బయటికొచ్చిన పాత ఆయిలు కాఫీ డికాషన్‌లా ఉంది.

స్టీలు అల్లిక పైపు సంగతి కూడా చెప్పాలి. ఒత్తిడికి రబ్బరు పైపు కొంచెం ఉబ్బుతుంది, స్టీలుది ఉబ్బదు. నిజమే. కానీ మీకు తెలిసే తేడాలో ఎక్కువ భాగం పాత పైపు తీసి కొత్తది వేసినందువల్ల వచ్చేదే. కంపెనీ పైపు కొత్తది వేసినా వస్తుంది.

అసలు దొంగ ఆ ఆయిలే. చాలా కార్లలో క్లచ్‌కీ బ్రేకులకీ ఒకటే డబ్బా. అందులో ఉండేది గాల్లోంచి నీటిని పీల్చుకునే రకం ద్రవం. లోపల చేరిన తేమ సిలిండర్ గోడల్ని తుప్పు పట్టిస్తుంది, ఆ గరుకు మీద రాసుకుని సీలు తెగుతుంది. అంతకంటే ముఖ్యం, మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టాక 140. డాట్ 4 అయితే 230, 155. రెంటచింతల ఎండ ఎంత మండినా దాన్ని మరిగించలేదు. కానీ కోటప్పకొండ ఘాటు రోడ్డు దిగుతూ, పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు మీద కాలేసి కూర్చునే మహానుభావులున్నారు చూడండి, వాళ్ళ చక్రాల దగ్గర పుట్టే వేడి వేరే. ద్రవం మరిగితే ఆవిరి. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. పెడల్ కిందికి పోతుంది, బండి ఆగదు. పంపించిన స్టీలు పైపు అక్కడ ఏం చేస్తుంది?

ఇక్కడ కూడా వెర్షన్ నంబర్ల పిచ్చి ఉంది. "4 కంటే 5 మంచిది కదా" అని డాట్ 5 పోయించకండి మహాప్రభో! అది సిలికాన్ రకం, 3, 4 లతో కలవదు. డాట్ 5.1 వేరు, అది కలుస్తుంది. ఇంజన్ ఆయిలు పోశారంటే రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి చస్తాయి. డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయండి. ఆ మూత తీసేముందు గుడ్డతో తుడవండి, పిడుగురాళ్ళ వైపు సున్నపు దుమ్ములో తిరిగే బళ్ళయితే మరీ.

"మరి ఊరి మెకానిక్ ఇవన్నీ ఎందుకు చెప్పడు?" అంటారు. ఎందుకు చెప్తాడండీ! ఆయిలు మార్చాలంటే "నడుస్తోందిగా, ఇప్పుడెందుకు" అనేది మనమే. కొన్ని వందల పనికి బేరమాడి, వేల రూపాయల పార్సిల్‌కి మాత్రం కళ్ళు మూసుకుని కార్డు గీకుతాం. తను చేయగలిగిన సరైన పనికి గిరాకీ లేకపోతే ఎవడైనా ఇచ్చిన సామాను బిగించి పంపిస్తాడు.

ఇంజను పవర్ పెంచి, గట్టి ప్రెషర్ ప్లేటు వేసినవాళ్ళకి హైడ్రాలిక్స్ కూడా దానికి తగ్గట్టు మార్చాల్సి రావచ్చు, కాదనను. కానీ మన బళ్ళు మోసేది బియ్యం మూటలూ, మామిడికాయల బుట్టలూ, తిరునాళ్ళకి బయల్దేరిన చుట్టాలూ. దానికి కంపెనీ లెక్క సరిపోతుంది.

కాబట్టి ఏదైనా కొనేముందు డీబగ్ చేయండి. పెడల్ మెత్తగా దిగిపోయి, నాలుగుసార్లు తొక్కితే లేస్తోందా? గాలి చేరింది లేదా సీలు కారుతోంది. పెడల్ రాన్రానూ బరువెక్కిందా? ప్రెషర్ ప్లేటూ బేరింగూ చూపించండి. ఇంజన్ అరుస్తోంది కానీ స్పీడు రావట్లేదా? క్లచ్ ప్లేటు అరిగింది, మాస్టర్ మార్చి లాభం లేదు. ఇవేవీ లేకపోతే మాన్యువల్ చూసి, చాలా కార్లకి రెండేళ్ళకోసారి, ఆయిలు మార్పించండి. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలుండే కారయితే ఇంకా శ్రద్ధ పెట్టాలి, అది పోతే గేర్‌బాక్స్ దించాల్సిందే.

నాన్న మోకాలి మీద నిజంగా అంత ప్రేముంటే ఈసారి కొనే కారు క్లచ్ పెడలే లేనిది చూడండి. 2014లో సెలెరియోతో మొదలెట్టి చిన్న కార్లలో కూడా ఆటోమేటెడ్ గేర్లు వచ్చేశాయి. అది అసలైన అప్‌గ్రేడ్. అందాకా, వచ్చే పండక్కి ఊరెళ్ళినప్పుడు బానెట్ ఎత్తి ఆ డబ్బాలో ఆయిలు రంగు చూడండి. నల్లగా ఉంటే పార్సిల్ కాదు, షెడ్డుకి మీరు స్వయంగా వెళ్ళాలి.