సౌండు సంగతి: ముందు కేబులు, తరవాత రికార్డరు

మనవాళ్ళు షార్ట్ ఫిల్ము తీయాలనుకోగానే ముందు కొనేది కెమెరా. ఆ కెమెరాకి ఇంకో లెన్సు, అది వణక్కుండా ఒక గింబలు, రాత్రి షూటింగుకి రెండు ఎల్ఈడీ లైట్లు. డబ్బులన్నీ అయిపోయాక ఎవరో ఒకరికి గుర్తొస్తుంది, "మరి సౌండో?" అని. "కెమెరాకే మైకుంది కదా! బాగా రాకపోతే డబ్బింగు చెప్పిద్దాం" అని ఇంకొకరు తేల్చేస్తారు. 2021లో వచ్చిన 'సినిమా బండి'లో కూడా ఆటోలో దొరికేది కెమెరాయే కానీ రికార్డరు కాదు చూడండి.

ఊళ్ళోనే స్టూడియో ఉన్న హైదరాబాదు వాళ్ళకి ఆ మాట చెల్లుతుందేమో. గల్ఫులో ఉండి సినిమాలు తీసేవాళ్ళకి మాత్రం చెల్లదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. ఆ తరవాత ఏం కొనాలో, ముఖ్యంగా ఏ వరసలో కొనాలో చెప్తాను.

నేనుండేది అల్ ఖర్జ్‌లో, రియాదుకి ఆగ్నేయంగా సుమారు 80 కిలోమీటర్లు. ఎడారి మధ్యలో గుండ్రటి పచ్చని పొలాలు, వేల ఆవులున్న డెయిరీ ఫారాలు. వారమంతా ఐటీ కన్సల్టెంటుని, శుక్ర శనివారాల్లో మా మిత్రబృందం తీసే చిన్న సినిమాలకి మైకు కర్ర పట్టుకునేవాణ్ణి. మా నటులెవరూ నటులు కారు. ఒకాయన డెయిరీలో మెకానిక్కు, జగిత్యాల వైపు మనిషి. ఒకరు కడప నించి వచ్చిన డ్రైవరు. ఇంకొకాయన సూపర్ మార్కెట్లో లెక్కలు చూస్తారు, కోనసీమ. ముగ్గురూ ఒక గదిలో పప్పు వండుకుంటూ మాట్లాడుకుంటుంటే మూడు తెలుగులు వినిపిస్తాయి. మా సినిమాల్లో ఏదైనా ఉందీ అంటే అదే.

మార్చిలో ఒక సీను తీశాం అనుకోండి. ఉద్యోగాలు చేసుకుంటూ ఎడిటింగు ముగించేసరికి జూను. ఈలోగా మెకానిక్కు కాంట్రాక్టు అయిపోయి, ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికెళ్ళిపోయాడు. ఇప్పుడు డబ్బింగు ఎవరు చెప్తారు? ఫోన్లో రికార్డు చేసి పంపించమంటే పంపిస్తాడు, పాపం. వెనకాల సీలింగు ఫాను, పక్కింటి టీవీ, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ గొంతులో ఇప్పుడు ఇంటికి చేరిన మనిషి ఉంటాడు. పొద్దున నాలుగింటికి డ్యూటీకి పోయి వచ్చినవాడి అలసట ఉండదు. పోనీ ఇంకొకరి చేత చెప్పిద్దామా అంటే, జగిత్యాల మాట అంటే 'వచ్చిండు, పోయిండు' అని క్రియలు మార్చడం కాదు కదా. ఎక్కడ మింగుతాడో, ఎక్కడ సాగదీస్తాడో అదీ భాష. అది పోయిందంటే పోయినట్టే.

నిజానికి డబ్బింగు మన సినిమాకి పుట్టుకతో వచ్చిన అలవాటేం కాదు. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చేనాటికి మాటా పాటా అక్కడికక్కడ పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. చప్పుడు చేసే కెమెరాలు, అవుట్‌డోర్లో జనం, తెలుగు రాని హీరోయిన్లు, ఇవన్నీ చేరాక స్టూడియోలో చెప్పించుకోవడమే తేలికైంది. మన చెవులూ దానికే అలవాటు పడ్డాయి. హిందీలో 2001లో 'లగాన్'ని సింక్ సౌండుతో తీయడం అప్పట్లో పెద్ద విశేషంగా చెప్పుకున్నారు. లక్షలు పెట్టి వాళ్ళు చేసినదాన్ని ఇప్పుడు మనం బ్యాగులో పట్టే సామానుతో చేసుకోవచ్చు. అయితే సామాను ఎంచుకునే వరస తెలియాలి. చాలామంది రికార్డరుతో మొదలుపెడతారు. నేను దాన్ని చివర పెడతాను.

మొట్టమొదట దూరం. దీనికి డబ్బు అక్కర్లేదు. ఆరుబయట మైకుకీ నోటికీ మధ్య దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్‌లు పడిపోతుంది. కెమెరా మనిషికి 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. మైకుని కర్రకి కట్టి నోటికి అర మీటరు దాకా తీసుకొస్తే 12 డెసిబెల్‌లు కలిసొస్తాయి. అంటే సిగ్నలు నాలుగింతలు. రెండు వేల డాలర్ల రికార్డరు కూడా మీకు ఇది ఇవ్వలేదు. గదిలో ఇంకా కష్టం. ఇక్కడి గదులన్నీ టైల్సు నేల, బోసి గోడలు. మైకు దూరమయ్యేకొద్దీ మనిషి బదులు గది మాట్లాడుతుంది. బాచిలర్ గదుల్లో లావుపాటి దుప్పట్లకి లోటుండదు కాబట్టి కెమెరాకి కనపడని గోడల మీద అవి వేలాడదీయండి. ఇంకో సంగతి, పొడుగాటి షాట్‌గన్ మైకు ఆరుబయటికే బావుంటుంది. చిన్న గదిలో గోడల నించి తిరిగొచ్చే శబ్దాన్ని అది వికారంగా పట్టుకుంటుంది. లోపల పొట్టి హైపర్ కార్డియాయిడ్ మైకు మేలు.

ఇక కేబులు. ఇక్కడే కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎవరూ ఆగరు.

కెమెరాలకీ, ఫోన్లకీ ఉండే 3.5 మిల్లీమీటర్ల పిన్ను కేబుల్లో సిగ్నలు ఒక తీగ మీద వెళ్తుంది, చుట్టూ ఉన్న జాలీ గ్రౌండు. దారిలో పడిన చెత్తంతా సిగ్నల్లో కలిసిపోతుంది, వేరు చేసే ఉపాయం లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు అలా కాదు. మూడు పిన్నులు. ఒకటోది గ్రౌండు, రెండోదాని మీద సిగ్నలు, మూడోది దానికి ఉల్టా. రెండు తీగల్నీ పురి తిప్పి పక్కపక్కనే ఉంచుతారు కాబట్టి బయటి రొద రెండింటి మీదా ఒకేలా పడుతుంది. రికార్డరు ఆ రెండింటి తేడా మాత్రమే తీసుకుంటుంది, రెండింట్లోనూ ఒకేలా ఉన్న రొద కొట్టుకుపోతుంది. ఈ ఉపాయం మనకి కొత్తేం కాదు. మీ ఆఫీసు ఈథర్నెట్ కేబుల్లోనూ, యూఎస్‌బీ కేబుల్లోనూ ఉన్నది ఇదే. స్టార్ క్వాడ్ అనే రకంలో రెండు బదులు నాలుగు తీగలుంటాయి. కరెంటు వైర్ల మధ్య, లైట్ల మధ్య పనిచేయాల్సొస్తే ఆ కాస్త ఎక్కువ డబ్బు దండగ కాదు.

రొద అంటే ఏమిటని అడిగితే, ఇక్కడ ముందు చెప్పుకోవాల్సింది కరెంటు గుర్రుమనే శబ్దం. ఇండియాలో కరెంటు 50 హెర్ట్జ్, సౌదీలో 60. హైదరాబాదులో ఉన్న మిత్రుడు పంపించిన ఫిల్టర్ సెట్టింగు 50, 100 దగ్గర కోస్తుంది. మన రొదేమో 60, 120 దగ్గర హాయిగా కూర్చుని ఉంటుంది. ఇంకొకటి ఫోను. 2జీ నెట్‌వర్కు మీద ఉన్న ఫోను సెకనుకి 217 సార్లు పల్సులు వదుల్తుంది, ఆ టకటకమనే బజ్జు మీరూ వినే ఉంటారు. షూటింగు గదిలో ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించండి, నిర్మాతగారిది కూడా.

కేబుల్లో బంగారు పూత గురించి అమ్మేవాళ్ళు చెప్పేది నమ్మక్కర్లేదు. 5 మీటర్ల మైకు కేబులుకి కావలసింది గట్టి కనెక్టరు, మెడ దగ్గర కేబుల్ని పట్టి ఉంచే బిగింపు, మెత్తగా చుట్టుకునే తొడుగు. న్యూట్రిక్ కనెక్టర్లూ, కనారే లేదా మొగామి తీగా ఉంటే చాలు. కరెంటు వైరు పక్కనే దాన్ని పారించొద్దు. దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి. మోచేతికి తాడు చుట్టినట్టు చుట్టారంటే లోపల తీగలు మెలిపడి ఏడాదిలో పోతాయి. నెలకోసారి మల్టీమీటరుతో మూడు పిన్నులూ చూసుకోండి. ఒకటో పిన్ను తెగిందంటే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటుకి తిరుగుదారి ఉండదు, మైకు మూగబోతుంది. స్పేరు కేబులు లేకుండా షూటింగుకి వెళ్ళడం బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ సర్వరు మీద చెయ్యి పెట్టడం లాంటిది.

అడాప్టర్ల దగ్గర మరీ జాగ్రత్త. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకుని ఏదో మార్పిడి కేబులుతో కెమెరా 3.5 సాకెట్లో పెడతారు. ఆ కేబుల్లో రెండో పిన్ను ఎడమ చానల్‌కీ, మూడో పిన్ను కుడి చానల్‌కీ కలిపి ఉందనుకోండి. రెండు చానళ్ళూ ఒకదానికొకటి ఉల్టా అవుతాయి. ఇయర్‌ఫోన్లో వింటే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. అదే సినిమాని ఒక్క స్పీకరున్న ఫోన్లో వేస్తే ఎడమా కుడీ కలిసి గొంతు మాయం! నాకు తెలిసిన ఒక బృందం ప్రివ్యూ వేసిన రోజున సరిగ్గా ఇదే జరిగింది. నటులు నోళ్ళు కదుపుతున్నారు, సంగీతం వినిపిస్తోంది, మాటల్లేవు. ఎడిటరు ఒక చానల్ తీసేసి రెండోదాన్నే రెండు పక్కలా పెట్టడంతో ఆ రాత్రి గండం గట్టెక్కింది.

ఇప్పుడు రికార్డరు. స్తెఫాన్ కుడెల్‌స్కీ 1951లో చేసిన మొదటి 'నాగ్రా' నించి కథ చెప్పాలని ఉంది కానీ వద్దు. పోలిష్ భాషలో ఆ పేరుకి 'రికార్డు చేస్తుంది' అని అర్థం, అంతవరకు చెప్పి ఊరుకుంటాను. మన బడ్జెట్లో చాలాకాలం అందరూ కొన్నది 2009లో వచ్చిన జూమ్ హెచ్4ఎన్. ఇప్పటికీ సెకండ్ హ్యాండులో దొరుకుతుంది. సన్నటి సిగ్నలిచ్చే మైకుని పెట్టి గెయిన్ పెంచితే దాని ప్రీయాంప్ స్స్‌మంటుంది. కొనొద్దంటాను. చేతిలో పట్టే ఇలాంటి రికార్డర్ల మీదుండే మైకులు పరిసరాల శబ్దానికి, అంటే పంపు, గాలి, ఆవుల మంద, వీటికి బాగుంటాయి. సంభాషణకి కాదు.

ఇద్దరు మాట్లాడే సీన్లే తీసేవాళ్ళకి 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3 సరిపోతుంది. అరచేతిలో పట్టే పెట్టె, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు, 32 బిట్ ఫ్లోట్. నలుగురైదుగురు మాట్లాడితే అదే కంపెనీ ఎఫ్6 చూడండి. ప్రీయాంప్‌లూ, బటన్లూ ఇంకా హాయిగా ఉండాలంటే సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ-3 రెండో తరం.

ఈ 32 బిట్ ఫ్లోట్ మీద మనవాళ్ళకి భక్తి ఎక్కువైంది కాబట్టి ఒక మాట. 24 బిట్ ఇంటిజర్‌లో ఎవరైనా ఉన్నట్టుండి అరిస్తే ఓవర్‌ఫ్లో, అలల తలలు తెగిపోతాయి. ఫ్లోట్‌లో 8 బిట్లు ఎక్స్‌పొనెంటుకి ఉంటాయి కాబట్టి తెగవు. లోపల రెండు కన్వర్టర్లు, ఒకటి చిన్న శబ్దానికి, ఒకటి పెద్దదానికి. గెయిన్ నాబు తిప్పడానికి వేరే మనిషి లేని మన బృందాలకి ఇది వరమే, కాదనను. కానీ అది కాపాడేది లెవెల్‌ని మాత్రమే. దూరంగా ఉన్న మైకునీ, ఏసీ మోతనీ, తెగిన కేబుల్నీ అది కాపాడదు. వాటిని కూడా అంతే విశ్వాసంగా 32 బిట్లలో రాసిపెడుతుంది.

"ఏఐతో శుభ్రం చేసుకోవచ్చు కదా?" అని అడిగేవాళ్ళున్నారు. చేశాం. మోత పోయింది. దాంతోపాటు మా కడపాయన గొంతులో గరుకు పోయింది, రెండు చోట్ల 'ళ' కాస్తా 'ల' అయింది. లేనిదాన్ని అది ఊహించి నింపుతుంది, ఆ ఊహలో కడప లేదు.

కాలర్ మైకులు దూరపు షాట్లకి పనికొస్తాయి, గుడ్డ రాపిడి భరించగలిగితే. అమెరికాలో సెకండ్ హ్యాండు వైర్‌లెస్ సెట్లు చవగ్గా వస్తున్నాయని ఎగబడొద్దు. 600 మెగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగం అక్కడ 2020 జూలై నించి మైకులకి నిషేధం, అందుకే అంత చవక.

రికార్డింగు ఎప్పుడూ 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి, 44.1 సీడీల లెక్క. కెమెరా గడియారం, రికార్డరు గడియారం వేరు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా అరగంట టేకులో 36 మిల్లీసెకన్లు, దాదాపు ఒక ఫ్రేము జారుతుంది. కాబట్టి టేకులు చిన్నవి చేసి ప్రతిదానికీ చప్పట్లు కొట్టండి. ఫైలు పెద్దదేం కాదు, ఒక చానల్‌కి గంటకి సుమారు 700 మెగాబైట్లు. ఆ రాత్రే ఇంకో రెండు చోట్లకి కాపీ చేసెయ్యండి. మాట్లాడేవాళ్ళ అనుమతి మాత్రం ముందే తీసుకోండి. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకునే మనిషి గొంతు అది, ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో ఆయనే చెప్పాలి.

మా మెకానిక్కుగారి ఎగ్జిట్ పడింది, ఇంకా రెండు శుక్రవారాలున్నాయి. బయట 44 డిగ్రీలు. ఏసీ ఆపితే గది ఇరవై నిమిషాలకి మించి ఓర్చుకోవడం లేదు. అందుకని ఆయన సీన్లు పొద్దున ఆరింటికి పెట్టుకున్నాం. ముందుగా ఎవరూ మాట్లాడని ఖాళీ గది శబ్దం ఒక నిమిషం రికార్డు చేస్తాం, ఎడిటింగులో అతుకులు కప్పడానికి. ఆ తరవాత ఆయన మాట్లాడతారు.