ముట్లుడిగే ముందు హార్మోన్లు: భయమూ వద్దు, తొందరా వద్దు

కొంతకాలం క్రితం ఒక సోదరి మా వైద్యశాలకు వచ్చి, చేతిసంచిలో నుంచి ఒక మందుల పెట్టె తీసి నా బల్లమీద ఉంచింది. పెట్టె మూత ఇంకా విప్పలేదు. ఆమె వయసు 43 సంవత్సరాలు, బ్యాంకులో ఉద్యోగం. రెండేళ్లుగా బహిష్టు క్రమం తప్పింది. ఒకసారి 21 రోజులకే వస్తే మరొకసారి 50 రోజులు దాటుతుంది. వచ్చినప్పుడు ఎనిమిది, తొమ్మిది రోజులు విపరీతమైన స్రావం. రాత్రి మూడు గంటలకు ఒళ్లంతా ఆవిర్లెత్తి, చెమటతో పక్క తడిసి మెలకువ వస్తుంది. పగలు చిన్నమాటకే పిల్లలమీద కసురుకోవడం, తరువాత తానే కూర్చుని ఏడవడం.

"డాక్టరమ్మగారు హార్మోన్లు వాడమన్నారు. మా అత్తగారు అవి వాడితే క్యాన్సరు వస్తుందంటున్నారు. ఆఫీసులో ఒకావిడ అవి వాడితే పదేళ్లు చిన్నగా కనబడతామంటున్నది. వైద్యులుగారూ, మీరే చెప్పండి. వేసుకోనా, మాననా?" అన్నది.

ఆయుర్వేద వైద్యుణ్ణి కనుక "మానెయ్యమ్మా" అంటానని ఆమె ఎదురుచూచింది. నేనా మాట అనలేదు. ఎందుకు అనలేదో పాఠకులకు చెప్పాలంటే, ముందు నా పొరపాటు ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది.

నేను మరచిన పదవ అంశం

2002 జూలైలో అమెరికాలో జరుగుతున్న ఒక పెద్ద పరిశోధన మధ్యలో ఆగిపోయింది. 'ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' అని దాని పేరు. గర్భాశయం ఉన్న 16,608 మంది స్త్రీలలో కొందరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర, తక్కినవారికి మందు లేని మాత్ర ఇచ్చి చూశారు. మందు వాడినవారిలో రొమ్ము క్యాన్సరు 26 శాతం హెచ్చిందని వార్తలు వచ్చాయి. ప్రపంచమంతటా లక్షలాది స్త్రీలు ఆ మందులు మానివేశారు.

ఆ మరుసటి ఏడాది 36 ఏళ్ల గృహిణి ఒకరు నా వద్దకు వచ్చారు. అధిక రక్తస్రావం కారణంగా ఆమెకు గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసివేశారు. శస్త్రచికిత్స చేసిన డాక్టరు ఈస్ట్రోజెన్ మాత్రలు రాసి ఇచ్చారు. వార్త విని ఆమె భయపడింది. నేను ఆ భయాన్ని పోగొట్టకపోగా, లోలోపల సంతోషించాను. మన శాస్త్రమే గెలిచిందనుకున్నాను. మాత్రలు మాన్పించి శతావరీ ఘృతం, పాలు, అభ్యంగం చెప్పాను. ఆవిర్లు క్రమంగా తగ్గాయి. ఆమె నాకు నమస్కరించింది, నేను పొంగిపోయాను.

పన్నెండేళ్ల తరువాత, ఇంకా యాభై నిండకుండానే, గడప తగిలి పడి ఆమె మణికట్టు విరిగింది. పరీక్ష చేస్తే ఎముకలు డెబ్బై ఏళ్ల వృద్ధురాలి ఎముకల వలె గుల్లబారి ఉన్నాయి. ఆ మాత్రలు వాడి ఉంటే ఎముక విరిగేదే కాదని ఎవరూ రూఢిగా చెప్పలేరు. కాని అండాశయాలు లేని 36 ఏళ్ల శరీరానికి ఈస్ట్రోజెన్ ఎముకల కాపుదల అన్న సంగతి నాటికే వైద్యులకు తెలుసు. నాకు తెలియదు. తెలుసుకోవలెనని అనుకోనూ లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

గురుకులంలో మా గురువుగారు చరకుడు చెప్పిన దశవిధ పరీక్షను మాచేత కంఠస్థం చేయించారు. ప్రకృతితో మొదలయ్యే ఆ పదింటిలో చివరిది వయసు. అమెరికా పరిశోధనలోని స్త్రీలు 50 నుంచి 79 ఏళ్లవారు, వారి సగటు వయసు 63. నా ముందు కూర్చున్నామెకు 36. ఆ పదవ అంశాన్నే నేను చూడలేదు.

ఆ 26 శాతం మాట కూడా విడమరచి చూడవలసినదే. పదివేల మంది స్త్రీలను ఒక ఏడాది గమనిస్తే, మందు వాడనివారిలో 30 మందికి రొమ్ము క్యాన్సరు వచ్చింది, వాడినవారిలో 38 మందికి. అంటే ఎనిమిది మంది ఎక్కువ. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తులకు చేరే రక్తపు గడ్డలు కూడా ఇంచుమించు అంతంత మేరకు పెరిగాయి. తుంటి ఎముక విరగడం మాత్రం పదివేలకు అయిదు తగ్గింది. ఆ ఎనిమిది మందీ మన అక్కచెల్లెళ్లే, వారిని లెక్కలోంచి తీసివేయరాదు. అయితే అరవై దాటినవారి లెక్కను నలభైలలో ఉన్నవారి మెడకు కట్టడమూ న్యాయం కాదు. ఆ తరువాతి పరిశీలనలలో తేలినదేమిటంటే, అరవై ఏళ్ల లోపు, లేక ముట్లుడిగిన పదేళ్ల లోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులలో చాలామందికి కీడు కంటె మేలే ఎక్కువ. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఈ మందుల పెట్టెలపై ఉన్న తీవ్ర హెచ్చరికలలో అధికభాగం తొలగించనున్నట్లు ప్రకటించింది. గర్భాశయం ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భాశయ క్యాన్సరు రావచ్చునన్న హెచ్చరికను మాత్రం ఉంచింది.

తొణికే కుండ, వట్టిపోయిన కుండ

రజస్సు పన్నెండవ ఏట మొదలై యాభయ్యవ ఏట ఉడిగిపోతుందని సుశ్రుతుడు చెప్పాడు. నేడు మన దేశపు స్త్రీలలో సగటున 46 ఏళ్ల ప్రాంతానికే ముట్లుడుగుతున్నాయి. దానికి నాలుగైదేళ్ల ముందు నుంచే ఒడిదుడుకులు మొదలవుతాయి. కనుక నలభై దాటగానే ఈ లక్షణాలు కనిపించడం వింత కాదు.

ఈ తొలిదశలో హార్మోన్లు పూర్తిగా తగ్గిపోవు. ఒకనాడు పైకి ఎగసి, మరొకనాడు కిందికి జారుతాయి. మన పరిభాషలో ఇది ధాతుక్షయం కంటె వాతపు చలగుణం అనడమే సబబని నా అభిప్రాయం. కుండ తొణుకుతున్నది కాని వట్టిపోలేదు. అందుచేతనే ఒక్కరోజు రక్తపరీక్షలో కనిపించిన హార్మోను అంకెను పట్టుకుని చికిత్స నిర్ణయించడం ఈ దశలో కుదరదు. ఈ వారపు అంకె వచ్చే వారం ఉండదు.

నలభై లోపే ముట్లుడిగినవారి సంగతి, అండాశయాలు తీయించుకున్నవారి సంగతి వేరు. అక్కడ కుండ కాలానికి ముందే వట్టిపోయింది. నిషేధించే కారణమేదీ లేకుంటే వీరు సహజంగా ముట్లుడిగే వయసు వరకు హార్మోన్లు వాడడమే మేలని నేటి వైద్యుల ఏకాభిప్రాయం. నేను దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గర్భసంచి తొలగింపు దేశంలోకెల్లా ఎక్కువగా జరిగేది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కనుక మన ఇళ్లలో ఈ మాట ఎందరికో వర్తిస్తుంది. ఆపరేషన్ అయినవారు తమకు అండాశయాలు ఉంచారో తీసివేశారో ఆసుపత్రి కాగితం చూసి తెలుసుకోవాలి. ఆ సంగతే తెలియని స్త్రీలను నేను చాలామందిని చూశాను.

మూలికలు హార్మోన్లకు బదులా?

మా వృత్తివారి మాట కూడా చెప్పవలసి ఉన్నది. శతావరిని, అనగా పిల్లిపీచరను, 'ప్రకృతి హార్మోన్' అని పేరుపెట్టి అమ్ముతున్నారు. శతావరి గొప్ప రసాయనం. బలాన్ని, మనసుకు నెమ్మదిని ఇస్తుందని నా అనుభవం. కాని అండాశయాలు చేసే పనిని అది చేయలేదు. ఎముకను నిలబెట్టే భారం దానిమీద మోపరాదు. రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవారు దీనిని సొంతంగా వాడరాదు. స్త్రీల చూర్ణాలలో తరచు చేరే అతిమధురం ఎక్కువకాలం వాడితే బి.పి. పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. మూలిక కనుక హాని లేదనడం మన శాస్త్రం కాదు. యుక్తి తప్పితే ఔషధమే విషమవుతుందని చెప్పినవాడు చరకుడు.

అలాగే అల్లోపతి హార్మోన్లన్నీ కృత్రిమమనే మాటా సరికాదు. ఆ అమెరికా పరిశోధనలో వాడిన ఈస్ట్రోజెన్ చూడి గుర్రాల మూత్రం నుంచి తీసినది. నేడు వాడుకలో ఉన్న ఎస్ట్రడయాల్‌ను సోయా వంటి మొక్కల పదార్థాల నుంచి తయారుచేస్తారు. దాని నిర్మాణం మన ఒంట్లోని దానితో సరిగ్గా సమానం. చర్మంపై అంటించే పట్టీ, రాసుకునే జెల్ రూపంలో మామూలు మోతాదులో వాడితే, మాత్రల వలన ఉండే రక్తపు గడ్డల భయం కనిపించలేదు.

నిర్ణయానికి ముందు

ఆ బ్యాంకు సోదరికి నేను ముందుగా చెప్పినది ఇది: "అమ్మా, ఆ పెట్టె సంగతి తరువాత చూద్దాం. ఇంత స్రావం ఎందుకవుతున్నదో ముందు తెలియాలి." కారణం తేలని రక్తస్రావం ఉండగా హార్మోన్లు మొదలుపెట్టరాదు. రక్తపరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 8.4 మాత్రమే ఉన్నది. ఆయాసం, గుండెదడ, చిరాకులలో కొంత భాగం ఆ పాండురోగానిదే. థైరాయిడ్ పరీక్ష, స్కానింగు చేయించుకుని మళ్లీ ఆ డాక్టరమ్మగారి వద్దకే వెళ్లమన్నాను. అడగవలసినవి కాగితంమీద రాసి ఇచ్చాను. అవి పాఠక సోదరీమణులకూ పనికివస్తాయి.

ఒకటి: నాకు గాని, మా తల్లికి, అక్కచెల్లెళ్లకు గాని రొమ్ము క్యాన్సరు వచ్చిందా? నాకు ఎప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా? గుండెపోటు, పక్షవాతం, కాలేయ వ్యాధి ఉన్నాయా?

రెండు: గర్భాశయం ఉన్నది కనుక ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇస్తున్నారా? ఇంకా బహిష్టు అవుతున్నవారికి సాధారణంగా దానిని నెలలో 12 నుంచి 14 రోజులు ఇస్తారు.

మూడు: మాత్రకు బదులు పట్టీ లేదా జెల్ నాకు తగునా?

నాలుగు: ఈ మందు గర్భం రాకుండా ఆపుతుందా? ఆపదు. అప్పుడప్పుడైనా బహిష్టు అవుతున్నంతకాలం గర్భం వచ్చే అవకాశం ఉన్నది. దానికి వేరే జాగ్రత్త కావాలి.

అయిదు: మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి? మొదట మూడు నెలలకు, తరువాత ఏడాదికొకసారి పునఃపరిశీలన లేకుండా ఏళ్ల తరబడి వాడరాదు.

ఇంటిలో చేయదగినవి

హార్మోన్లు వాడినా వాడకపోయినా ఇవి చేయవలసినవే. రాత్రి భోజనం ఎనిమిది గంటల లోపు ముగించాలి. పచ్చళ్లు, కారం, మధ్యాహ్నం దాటిన తరువాత కాఫీ తగ్గించాలి. వారానికి రెండు మూడు సార్లు గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒళ్లు మర్దించుకుని స్నానం చేయాలి. వంద గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. రోజూ ఒక పూట రాగిజావ గాని సంకటి గాని, దానితో ఒక నువ్వుల ఉండ తీసుకుంటే మంచిది. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. ఉదయపు ఎండలో అరగంట చురుకుగా నడవాలి. పడకగదిలో గాలి ఆడాలి, నూలు బట్టలే కట్టుకోవాలి. గంటకొక ప్యాడు తడిసేంత స్రావమైనా, ముట్లుడిగి ఏడాది దాటిన తరువాత మళ్లీ రక్తం కనిపించినా వంటింటి వైద్యంతో ఒక్కరోజు కూడా కాలయాపన చేయరాదు.

ఆ సోదరికి గర్భాశయంలో దోషమేమీ లేదని పరీక్షలలో తేలింది. మూడు నెలలు ఇనుము మాత్రలు, నేను చెప్పిన ఆహార విహారాలు పాటించింది. ఆయాసం పోయింది, కోపం తగ్గింది. రాత్రి ఆవిర్లు మాత్రం తగ్గలేదు. నిద్రలేక ఉద్యోగంలో లెక్కలు తప్పుతున్నానన్నది. డాక్టరమ్మగారితో మాట్లాడి, జెల్ రూపంలో హార్మోను మొదలుపెట్టాలని ఆమే నిర్ణయించుకున్నది. మొదలుపెట్టిన నెలన్నరకు వచ్చి, రాత్రి తెల్లవార్లూ నిద్రపోయానని చెప్పింది. దానిని నా వైద్యపు ఓటమిగా నేను భావించలేదు. ఆమె వయసే ఉన్న మరొక సోదరికి ఆవిర్లు స్వల్పం, తల్లికి రొమ్ము క్యాన్సరు చరిత్ర ఉన్నది. ఆమె హార్మోన్లు వద్దనుకున్నది. అదీ మంచి నిర్ణయమే.

తొలిదశలో హార్మోన్లు మొదలుపెట్టడం అందరికీ అవసరం కాదు, అందరికీ ప్రమాదమూ కాదు. బాధ ఎంత, వయసెంత, ఒంట్లో మరేమున్నది అనే మూడూ చూసి ఆ స్త్రీయే నిర్ణయించుకోవాలి. అత్తగారి భయం, స్నేహితురాలి ఉత్సాహం, వైద్యుడి అభిమానం ఆమె బదులు నిర్ణయించరాదు. భర్తలకు నా మనవి ఒకటి: ఆమెతో పాటు డాక్టరు వద్దకు వెళ్లండి, పక్కన కూర్చోండి, జవాబు మాత్రం ఆమెనే చెప్పనివ్వండి.

ఈ వ్యాసం చదివి ఎవరూ మందు మొదలుపెట్టవద్దు. ఇప్పటికే వాడుతున్నవారు దీన్ని చదివి మానవద్దు కూడా. వెనుక ఒక వార్త విని నేను ఆ పనే చేయించాను. ఆ మణికట్టుకు కట్టిన కట్టు నాకు నేటికీ కళ్లముందు కనిపిస్తుంది.