చెవికి అందని అక్షరం

తెరమీద చూస్తే ముచ్చటైన తెలుగు పాఠ్యపుస్తకం. చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అప్పగిస్తే మాత్రం వినవచ్చేది అర్థంలేని ఆంగ్లాక్షరాల గొణుగుడు! అంధ విద్యార్థులకిది చిరపరిచితం.

కంప్యూటరు మార్చినా, ఫోను మార్చినా కుదిరే జబ్బు కాదిది. ముద్రణకోసం ఏనాడో తయారైన ఫాంట్లలో అనేకం ఆంగ్లాక్షరాల సంకేతాలకే తెలుగు రూపాలను తొడిగాయి. కన్ను రూపాన్ని చూస్తుంది. యంత్రం సంకేతాన్ని చదువుతుంది. (స్కాన్ చేసిన పుటల సంగతి మరీ అన్యాయం, అవి వట్టి ఛాయాచిత్రాలు.) 1991 నాటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఏర్పడ్డాయి. ఆ పద్ధతిలో కూర్చిన పాఠాన్ని, తెలుగు గొంతు అమర్చుకుంటే చాలు, కంప్యూటరులో ఎన్‌విడిఎ అయినా, ఫోనులో టాక్‌బ్యాక్ అయినా తెలుగుగానే చదువుతుంది. 2006లో ఎన్‌విడిఎ నిర్మాణానికి పూనుకున్న ఆస్ట్రేలియా దేశస్థుడు మైకేల్ కరన్ స్వయంగా అంధుడు. అది నేటికీ ఉచితమే.

చట్టం అడ్డు కాదు. అంధులకు అనువైన ప్రతులు తయారుచేసుకోవడానికి 2012 నాటి కాపీరైటు సవరణ అనుమతించింది. ఇదే ఆశయంతో వెలసిన మరాకెష్ ఒడంబడికను 2014లో అన్ని దేశాలకంటే ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. అయినా ప్రచురణకర్త వద్ద యూనికోడ్ ప్రతి లేనప్పుడు, ఎవరో ఒకరు పుస్తకాన్ని మళ్లీ టైపుచేయడమో, సంకేతాలు మార్చి తప్పులు దిద్దడమో తప్పదు. ఆ ప్రతి చేతికందేసరికి పరీక్షలు ముగిసిపోవడమూ కద్దు.